బడి గోడకు అతికించిన అద్దం

1949 ఎండాకాలంలో నన్ను తామీరాత్ శాఖలో, అంటే ఇప్పటి రోడ్లు భవనాల శాఖలో, నగరం పడమటి సెక్షనుకు ఓవర్సీరుగా వేశారు. ఓవర్సీరంటే ఇంజనీరుకు కింద, మేస్త్రీకి పైన ఉండే మనిషి. ఎండ మాది, సంతకం వాళ్లది. నా మీద మొహతమీమ్ సాహెబు ఉండేవారు. ఆ హోదాను ఇప్పుడు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అంటున్నారు. పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఎవరి కుర్చీ ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియని కాలం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

నాకు అప్పగించిన మొదటి పని ఒక ఫౌఖానియా, అంటే హైస్కూలు, భవనాన్ని పరీక్షించడం. ఇవాళ హైటెక్ సిటీలో అద్దాల మేడలున్న చోట అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు ఉండేవి. వాటి నడుమ ఒక జాగీర్దారు వేటకొచ్చినప్పుడు దిగే పాత బంగళా ఉండేది. దాన్నే బడికి ఇచ్చారు. బోరబండ, మాదాపూర్, కొండాపూర్ పిల్లలు రాళ్ల మధ్య కాలిబాట పట్టి వచ్చేవాళ్లు. ఆ చుట్టుపక్కల పదో తరగతి దాకా ఉన్న సర్కారీ బడి అదొక్కటే. అది లేకపోతే నగరం నడిబొడ్డుకు పోవాల్సిందే.

సదర్ ముదర్రిస్, అంటే హెడ్మాస్టరు, రాఘవులు సారు. మెదక్ వైపు మనిషి. లెక్కలు చెప్పేవారు. నేను వెళ్లిన రోజు ఒకే గదిలో రెండు తరగతులు వీపులు ఆనించుకుని కూర్చున్నాయి. ఒకవైపు క్షేత్రగణితం, ఇంకోవైపు చరిత్ర. వరండాలో మరో తరగతి. సైన్సు గది లేదు. బడికున్న ఒక్క తరాజును, అంటే త్రాసును, ఆయన తన బల్ల మీద గుడ్డ కప్పి దాచుకున్నారు.

"ఎన్నేండ్ల సందో అర్జీలు పెడుతున్న. ఒక్కడు తొంగి చూడలే. మీరన్న వచ్చిండ్రు, కూసోండ్రి" అని చాయ్ తెప్పించారు.

తూర్పు గోడ నిండా పగుళ్లు ఉన్నాయి. పగులు కనిపిస్తే గోడ పడిపోతుందని జనం అనుకుంటారు. మేం అలా అనుకోం. ఆ పగులు బతికుందా, చచ్చిందా అన్నదే మా ప్రశ్న. ఇంకా కదులుతుంటే బతికున్నట్టు, ఎప్పుడో కదిలి ఆగిపోతే చచ్చినట్టు. అది తేల్చడానికి పల్చటి అద్దపు పట్టీని పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికిస్తాం. గోడ వెంట్రుకవాసి కదిలినా అద్దం చిట్లుతుంది. పక్కనే పగులుకు అటూ ఇటూ రెండు చుక్కలు చెక్కి, వాటి మధ్య దూరాన్ని డివైడరుతో కొలిచి పెట్టుకుంటాం. ఆ గోడ పగుళ్లన్నిటికీ నా చేత్తోనే అద్దాలు అతికించాను. అది డంగుసున్నంతో కట్టిన రాతి గోడ, కింద పునాదికి బదులు ఏకశిల. పక్క క్వారీలో ఒకప్పుడు మందుగుండు పేల్చినప్పుడు వచ్చిన పగుళ్లవి. చచ్చిన పగుళ్లేనని నా నమ్మకం.

"అద్దం పలిగితే ఏం జేస్తరు?" అని రాఘవులు సారు అడిగారు. భవనం పనికిరాదని రాస్తామన్నాను. ఆయన తలూపారు. పక్క ఊళ్లో దవాఖాన గోడకు అంతకుముందు ఇలాగే అద్దాలు పగిలాయని, ఆ తర్వాత కొత్త దవాఖాన లేచిందని నాకు తెలుసు. ఆయనకూ తెలుసన్నది నాకు తట్టలేదు.

వానలు మొదలయ్యాక మొహతమీమ్ సాహెబు నన్ను పిలిపించారు. అద్దాలన్నీ పగిలాయని బడి నుంచే కబురొచ్చిందట. ఖాయిదా ప్రకారం ఖాళీ చేయించాలని తాలీమాత్ శాఖకు, అంటే చదువుల శాఖకు, హుకుం పంపేశారట. ఆ శాఖ తిరిగి ఇచ్చిన హుకుం నా చేతిలో పెట్టి, పోయి తాళం వేసి రమ్మన్నారు. ఆ గోడ కదలడమేమిటి? ఏనుగు వచ్చి గుద్దినా కదలని గోడది.

నేను చేరేసరికి పిల్లలు బెంచీలు మోసి ఎడ్లబండికి ఎక్కిస్తున్నారు. రాఘవులు సారు దగ్గరుండి ఎక్కిస్తున్నారు. ఆయన ముఖంలో దిగులన్నది లేదు. పెళ్లి పనులు చూసే పెద్దమనిషిలా అటూ ఇటూ తిరుగుతున్నారు.

"తాళమేసుకోండ్రి. కొత్తది లేసేదాక చెట్ల కింద చెప్పుకుంటం. సైన్సు గది మాత్రం ఉత్తరం దిక్కు పెట్టియ్యాలె, వెలుతురు మంచిగుంటది" అన్నారు.

నేను గోడ దగ్గరికి నడిచాను. గోడ కదిలి పగిలిన అద్దం పగులు వెంబడే గీత గీసినట్టు చిట్లుతుంది, ముక్కలు ఊడిపోవు. ఇక్కడ ప్రతి అద్దం నడుమ నక్షత్రంలా చితికి ఉంది. ముక్కలు నేల మీద పడి ఉన్నాయి. డివైడరు తీసి చుక్కల మీద పెట్టాను. మొనలు సరిగ్గా కూర్చున్నాయి. గోడ రవ్వంత కూడా జరగలేదు.

"వీటిని ఎవరు కొట్టిండ్రు సారూ?" అన్నాను.

ఆయన దాచలేదు. "నేనే. గంట కొట్టే సుత్తితోని. దవాఖానకు పలిగితెనే గద కొత్తది వచ్చింది. మా పిల్లలు ఏం పాపం జేసిండ్రు?"

నాకు కోపం రాలేదు, భయమేసింది. దవాఖానకు కొత్త భవనం ముందే మంజూరైంది. అద్దాలు పగలడం కేవలం సమయానికి కలిసొచ్చింది. బడికి అలాంటి మంజూరు ఏదీ లేదు. నా చేతిలో ఉన్న హుకుంలో పిల్లలను నగరంలోని బడికి, పంతుళ్లను ఖాళీలున్న చోటికి పంపాలని ఉంది. కొత్త భవనం ఊసే లేదు. అది చదివి వినిపించాను. ఆయన ఇంకోసారి చదవమన్నారు. చదివాను. వెళ్లి వరండా మెట్టు మీద కూర్చున్నారు.

"కొండనాలికకు మందేస్తె ఉన్న నాలిక ఊడింది" అన్నారు. "నా పేరు పెట్టి రాయండ్రి. నేనే కొట్టిన్నని రాయండ్రి. బడి మాత్రం ఉంచమనుండ్రి."

అప్పుడే ఎల్లవ్వ వచ్చింది. క్వారీలో రాళ్లు కొట్టే మనిషి, కొడుకు తొమ్మిదో తరగతి. నెత్తి మీది గంప దించకుండానే నన్ను అడిగింది. "ఇగ మా పోరడు ఏడ సదువాలె సారూ? పట్నం పోను బస్సుకు నేనేడికెల్లి తేవాలె?" ఆమె నన్ను అడుగుతోంది గానీ చూపు మాత్రం రాఘవులు సారు మీద ఉంది.

జరిగింది జరిగినట్టు రాసి మొహతమీమ్ సాహెబు ముందు పెట్టాను. ఆయన చెడ్డవాడు కాదు. చదివి, నమ్మి, కాగితం వెనక్కి జరిపారు. గోడ గట్టిదే కావచ్చు, కానీ అద్దం పగిలిందని ఒకసారి కబురు వెళ్లాక, భవనం క్షేమమని సంతకం పెట్టేదెవరు అని ఉర్దూలో అడిగారు. రేపు ఒక పెచ్చు ఊడి పిల్లవాడి నెత్తిన పడితే పోయేది తన కుర్చీ అన్నారు. కొత్త అద్దాలు వేసి వానాకాలమంతా చూడమన్నారు. అద్దాలు నిలిస్తే అప్పుడు ఆలోచిద్దామన్నారు.

వేశాను. ఒక్కటీ చిట్లలేదు. వానలు వెళ్లాక ఆ సంగతి చెప్పడానికి పరుగున పోయాను. అప్పటికి పంతుళ్లు తలో దిక్కూ వెళ్లిపోయారు. రాఘవులు సారును హోదా తగ్గించి ఎక్కడో మారుమూల చిన్న బడికి వేశారు. తాలీమాత్ శాఖ లెక్కలో మా ఫౌఖానియా పేరే లేదు. తెరవాలంటే కొత్త బడిలా మళ్లీ మొదటి నుంచి మంజూరు కావాలి. బంగళాను ధాన్యం గోదాముగా తీసుకున్నారు. పిల్లల ప్రాణానికి పనికిరాదన్న కప్పు కింద ధాన్యం బస్తాలు హాయిగా పడుకున్నాయి. నగరం బడికి వెళ్లినవాళ్లు కొద్దిమందే. మరుసటి ఏడు అదే క్వారీలో ఎల్లవ్వ పక్కన ఆమె కొడుకు సుత్తి పట్టుకుని కూర్చుని ఉండగా చూశాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, బడిలో ఇన్‌స్పెక్టరు వస్తే లేచినట్టు.

నేను రిటైరై చాలా ఏళ్లయ్యాక ఐటీ కంపెనీల కోసం అక్కడ రోడ్డు వేశారు. బంగళాను కూలుస్తున్నారని విని వెళ్లాను. మిగతాదంతా పడింది గానీ తూర్పు గోడ మాత్రం యంత్రానికి లొంగడం లేదని డ్రైవరు విసుక్కుంటున్నాడు. దగ్గరికి పోయి దుమ్ము తుడిచాను. రెండోసారి నేను అతికించిన అద్దం, ఒక్క గీత లేకుండా, అలాగే ఉంది. తుడిచిన చోట నా ముసలి ముఖం కనిపించింది. పక్కకు జరగమని డ్రైవరు కేకేశాడు, జరిగాను.

ఆ బడి తర్వాత నా సర్వీసంతా రెండు పద్ధతులు పాటించాను. అద్దాన్ని చేతికందని ఎత్తులో అతికించేవాణ్ణి. అతికించే ముందు అక్కడుండే వాళ్లందరినీ పిలిచి, అది పగిలితే వాళ్లకు ఏం పోతుందో చెప్పేవాణ్ణి. గోడ సంగతి అద్దం చెబుతుంది. దాని ముందు నిలబడ్డ మనిషి దేనికి ఆశపడుతున్నాడో చెప్పదు. అది మనమే అడగాలి.