ఉప్పుపడవ మీది తెల్లగీత

కాలువలో పడవ నడిపే అన్నలారా, అక్కలారా, మీ పడవ పక్కన తెల్లగీత ఇంకా కనబడుతోందా? చివరిసారి వంగి చూసింది ఎప్పుడు? ఆ గీత గీసిన చెయ్యి ఇక లేదు. మన లాకు దగ్గర పడవలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగారు సోమవారం తెల్లవారుజామున కన్నుమూశారు.

సరుకెక్కిన పడవ ఆ గీత వరకే మునగాలని సర్కారు నిబంధన. అది చూడడానికి ఆయన గట్టు మీద బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించి, ఒక కన్ను మూసేవారు. ఖాకీ చొక్కాకు ముందువైపు ఎప్పుడూ బురదే. "నిలబడి చూస్తే ప్రతి పడవా బాగానే కనపడతాది. నీళ్ల పక్కన పండుకుంటేనే నిజం తెలిసేది" అనేవారు.

మీకు వాక్యం బోధించే నాకు ఆయనంటే మొదట్లో గిట్టేది కాదు. ఢిల్లీ ఆఫీసర్లు వచ్చిన ఏడాది మాట చెబుతాను. సరుకు రవాణాలో రైలుకెంత, లారీకెంత, నీటికెంత అని దేశమంతటికీ ఒక విధానం రాస్తున్నారట. చెన్నపట్నం దాకా పోయే మన కాలువను ఉంచాలో వదిలెయ్యాలో చూసిపోతారని కబురు. వదిలేస్తే పూడిక తీసే దిక్కుండదు. ఉప్పు మోసే ఇళ్లలో పొయ్యి వెలగదు.

నేను ఊరుకుంటానా? గట్టెక్కి గర్జించాను. లారీ సిగ్గుపడేట్టు నింపండి అన్నాను. నింపారు. ఏడు పడవల గీతలూ నీళ్లకిందికి పోయాయి.

ఇన్‌స్పెక్టరుగారు పడుకుని చూసి, లేచి, "బస్తాలు దించండి" అన్నారు.

"ఇయ్యాల ఒక్కరోజు కన్ను మూసుకో అన్నా. మా కూడు పోతాది" అంది ఒక పడవామె.

"ఒక కన్ను మూసుకునే చూసినా అక్కా. రెండోదానికి కనపడింది."

నేను పడవలో నిలబడి, "దేవుని బిడ్డల కూటికి నీ గీత అడ్డమా?" అని ఉరిమాను.

"నువ్వు గూడా దిగు బోధకుడన్నా. నీ బరువు గూడా పడవ మీదే ఉండాది" అన్నారు ఆయన. అంత కోపంలోనూ పడవవాళ్లు నవ్వారు.

బస్తాలు దించుతుండగానే ఆఫీసర్లు దిగారు. లారీలు ఇంతకన్నా వేగం కదా, ఈ పడవలెందుకని వాళ్లలో పెద్దాయన అడిగారు.

"లారీ తొందరగానే పోతాది సార్, కాదనను. ఉప్పుకు తొందరేముంది? నేనొచ్చినాక గీత దాటనిచ్చిందీ లేదు, ఒక్క బస్తా మునిగిందీ లేదు. అది రాసుకోండి" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

ఆ పెద్దాయన తెల్ల ప్యాంటుతోనే గట్టు మీద బోర్లా పడుకుని గీత చూశారు. తర్వాత రాసుకున్నారు.

ఆ ఏడాది కాలువకు పూడిక తీశారు. పడవలకు లైసెన్సులు మళ్లీ ఇచ్చారు. ఆ మాటవల్లేనని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ ఆ రాత్రి వాక్యగ్రంథం తెరిస్తే సిగ్గేసింది. జలప్రళయానికి ముందు ఓడ ఎంత పొడవుండాలో, ఎంత ఎత్తుండాలో కొలత చెప్పింది దేవుడే. ఎన్నోసార్లు బోధించాను ఆ మాట. కొలత పట్టుకున్న మనిషిని మాత్రం దేవుని పనికి అడ్డమన్నాను. మర్నాడు వెళ్లి తప్పు చెప్పుకుంటే ఆయన నా చేతికి కుంచె ఇచ్చారు. "మాటలు చాలన్నా, ఆ మూడో పడవకు గీత మాసిపోయింది చూడు."

అప్పటినుంచి ప్రతి ఏడూ ఆయనతో గీతలు గీశాను. తృప్తిగా బతికిన మనిషి. చివరి స్నానం చేయించినప్పుడు కూడా గోళ్ల కింద తెల్లరంగు పోలేదు.

కొత్త ఇన్‌స్పెక్టరు ఎప్పుడొస్తాడో తెలియదు. రేపు పొద్దున ఉప్పు ఎక్కుతుంది. పడవలు ఖాళీగా తేలుతుండగానే, ఈరోజే, రండి. పాతగీత మీదే గీయండి, వేలెడు కూడా పైకి జరపకండి. ఆయన భార్య ఇచ్చిన రంగుడబ్బా లాకు గోడ మీద పెట్టాను. మూత తీసే ఉంది, ఆరిపోకముందే రండి.