మామ టేప్ రికార్డర్ పాడిన రోజు

ఆ రోజుల్లో దుబాయ్ సత్వాలో నాకంటూ ఉన్నది ఒక అద్దె మంచం. సొంతానికి ఏమీ లేనివాడికి పరువు మీద ప్రేమ ఎక్కువ. నాకు మా మేనమామ పరువు మీద కూడా అంతే ప్రేమ. నన్ను దుబాయ్ పిలిపించి, తన గదిలోనే మంచం ఇప్పించి, ఏసీల పనిలో పెట్టించింది ఆయనే. కరోనా తగ్గిన ఏడాది సెలవు మీద ఊరికి వెళ్ళి, అక్కడే పోయాడు. నాకు సెలవు దొరకలేదు. చివరి చూపు దక్కలేదు. ఆయన మంచం కింద ఒక రేకు పెట్టె, రెండు క్యాసెట్లు పట్టే పెద్ద టేప్ రికార్డర్ మిగిలాయి.

అది మూగబోయి ఎన్నేళ్ళయిందో గదిలో ఎవరికీ గుర్తులేదు. దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకునేవాళ్ళం. ఊళ్ళో మాత్రం దాని కథ వేరు. "ముప్పై ఏండ్లు దుబాయిల ఉండి ఏం సంపాయించినవ్ బావా?" అని అత్త వాళ్ళ అన్న, నాకు పెద్దబాపు వరస, ప్రతి సెలవులోనూ దెప్పేవాడు. "నా గదికొచ్చి చూడు. జపాన్ టేప్ రికార్డర్. ఇయ్యాల్టికి గూడ గది దద్దరిల్లుతది" అనేవాడు మామ. (దద్దరిల్లేది మా పాత ఏసీ.)

మామ పోయిన కొన్నాళ్ళకు గది ఖాళీ చేయమన్నారు. మాలో పెద్దవాడైన నెల్లూరు టైలర్ మాస్టర్ తేల్చేశాడు: "అది ఖలాస్ అబ్బయ్యా. పాత సామాన్లోడికి ఇచ్చెయ్. మన సామానే మొయ్యలేకుండాం." నేను అత్తకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆమె మాట్లాడేలోపే పక్కనుంచి వాళ్ళ అన్న గొంతు: "పారేసే ముందు ఒక్కపారి పాడించి చూపియ్యమను!" అత్త తొణకలేదు. "ఎందుకు చూపియ్యడు? శుక్రవారం వీడియో కాల్ల చూపిస్తడు" అంది.

వెనక అట్ట విప్పాను. బెల్టులు కరిగి తారులా అంటుకుపోయాయి, మోటారు తుప్పుపట్టింది. కానీ మామ అబద్ధాలకోరు అని ఊళ్ళో తేలకూడదు. నేను ఏసీ మెకానిక్‌ని (కాగితాల ప్రకారం హెల్పర్‌ని). చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి కొని, టేప్ రికార్డర్ కడుపులో కూర్చోబెట్టాను. నా ఫోన్లో పాట పెడితే చాలు. పాట పెట్టాల్సిన ఫోనూ, అత్తకు వీడియో చూపే ఫోనూ ఒకటే అన్న సంగతి నా మెకానిక్ బుర్రకు తట్టలేదు.

శుక్రవారం కాల్ కలిసింది. "యల్లా, కానియ్" అన్నాడు మాస్టర్. నేను గంభీరంగా మీట నొక్కాను. పాట రాలేదు. కాల్ శబ్దమంతా స్పీకర్‌కే వెళ్ళి, టేప్ రికార్డర్‌లోంచి అత్త వాళ్ళ అన్న గొంతు వచ్చింది: "ఏదిరా, పాడుతలేదు?" ఆ మాట మా గదిలో మోగి, మళ్ళీ ఫోన్లోకి దూరి, ఆయన దగ్గరికే వెళ్ళింది. ఆయన అదిరిపడ్డాడు. "ఎవడురా వాడు, అచ్చం నా లెక్కనే మాట్లాడుతుండు?" అదీ తిరిగి వెళ్ళింది. మాస్టర్ దిండులో మొహం దాచుకున్నాడు.

"జపాన్ సరుకు పెద్దబాపూ" అన్నాను, అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. "మనం మాట్లాడింది పట్టుకొని మల్ల చెప్తది."

ఆయన మొహం తెరకు దగ్గరగా వచ్చింది. తర్వాత మెల్లగా, "బావ చెప్పింది నిజమే" అన్నాడు. టేప్ రికార్డర్ కూడా "నిజమే" అంది.

సాయంత్రం అత్త ఒక్కతే ఫోన్ చేసింది. "అది ఖరాబై పదిహేనేండ్లాయె. మీ మామ నాకెప్పుడో చెప్పిండు. కరెంటు లేదంటే అయిపోవు గదరా అల్లుడా!" దుబాయ్‌లో కరెంటు పోదని చెప్పేలోపే ఆమె పకపకా నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. తర్వాత నేను నిజంగానే మెకానిక్‌ని అయ్యాను, ఎన్నో బాగు చేశాను. అంత గర్వం మళ్ళీ కలగలేదు.

దాన్ని కార్గోను నమ్మి పంపకుండా నాతోనే ఊరికి తీసుకెళ్ళాను. ఇప్పుడు అత్త ఇంట్లో టీవీ పక్కన ఉంది, లోపల నా స్పీకర్‌తో సహా. పోయిన సెలవులో పెద్దబాపు "దుబాయిల నీ రూము ఎట్లుంటదిరా?" అని అడిగితే, "మంచిగుంటది, బాల్కనీ గూడ ఉన్నది" అన్నాను. (ఉంది. కింది అంతస్తు వాళ్ళది.) అత్త నా వైపు ఒకసారి చూసి, వెళ్ళి టేప్ రికార్డర్ మీద గుడ్డ సర్దింది.