బొట్టు లేని లక్ష్మి

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజుల్లో, మలక్‌పేటలో రాళ్లు పడుతున్నాయని మా బస్సును దిల్‌సుఖ్‌నగర్‌లో ఆపేశారు. ఆ కుదుపుకు నేను అమ్మడానికి తీసుకెళ్తున్న లక్ష్మి చిత్రం మీది గుడ్డ జారింది. తాతగారు చిత్రకారుణ్ణి ఇంట్లో ఉంచుకుని వేయించిన చిత్రం అది. తర్వాత క్యాలెండర్లకు కూడా ఎక్కింది.

పక్క సీటులోని నల్లగొండ ఆవిడ చూసి, "గీ అమ్మవారే మా ఇంట్ల ఉన్నది, దొరా. తారీఖులు కత్తిరించి అద్దం కట్టించినం," అంది.

"మీ ఇంట్లోది అచ్చుబొమ్మ. అసలు ఇదే," అన్నాను, మెడ తిప్పకుండా.

"మరి అసలామెకు బొట్టేది? మా కాయితమామెకు రోజు పెడుతం."

నేను ఆపేలోపే కొంగుముడి విప్పి, గుట్ట మీది గుడి నుంచి తెచ్చిన కుంకుమ పెట్టేసింది.

గొడవ సద్దుమణిగాక తీసుకెళ్లి చూపిస్తే, కొనేవాడు ఆ మరక తుడిచి తెమ్మన్నాడు. తుడవడానికి చేయి రాలేదు. చిత్రం ఇప్పటికీ మా గోడకే ఉంది. ఆ బొట్టు మీద మరో బొట్టు పెట్టడానికీ చేయి రాలేదు.