తరవాణి కుండకి బొట్టు

ఈ మధ్య పట్నాల్లో తరవాణిని తెగ మెచ్చుకుంటున్నారు. ఒంటికి చలవట, పొట్టకి మంచిదట, టీవీల్లో డాక్టర్లు కూడా చెబుతున్నారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కుండ దగ్గర నాకేం జరిగిందో వీళ్ళకి తెలియదు. తెలిస్తే మాత్రం ఏం చేస్తారు? అయ్యో పాపం అని ఇంకో గ్లాసు తాగుతారు.

మా అత్తవారిది బొబ్బిలికి దగ్గర్లో ఓ పల్లె. కొత్తరకం వరి విత్తనాలు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. పొద్దున్నే పొలానికి పోయేవాళ్ళకి మా ఇంట్లో తరవాణే ఆధారం. అన్నం వార్చిన గంజిని నీళ్ళు కలిపి మట్టికుండలో పోసి ఉంచితే పులుస్తుంది. ఆ పుల్లటి నీళ్ళలో రాత్రి మిగిలిన అన్నం వేసి, తెల్లారి ఉప్పూ ఉల్లిపాయా నంజుకుని తినడమే. రోజూ కొంత తీసుకుని అంత కొత్త గంజి పోయాలి. అడుగున పాత పులుపు మాత్రం ఎప్పుడూ ఉండాలి. కొత్త కుండ పెట్టిన రోజున దానికి బయట పసుపు రాసి, బొట్టు పెట్టి, లక్ష్మీదేవి అని దణ్ణం పెట్టుకోవడం మా ఇంటి ఆచారం.

నేను కాపరానికి వెళ్ళిన కొత్తలోనే మా అత్త ఆ కుండ నాకు అప్పగించింది. నా చేతిలో అది బాగా కుదిరింది. పక్కిళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకొచ్చి, "ఓలమ్మా, మా కొత్త కుండలోకి రవ్వంత నీ పులుపు పొయ్యే" అని అడిగేవారు. మా ఆయన తాగి మూతి తుడుచుకుని, "నీ సేతిలో ఏటున్నాదే?" అనేవాడు. అంతకన్నా నాకేం కావాలి? నాకు పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఇది నాది అని చెప్పుకోవడానికి ఆ కుండే ఉండేది.

ఓ వేసవిలో మా ఆయన జ్వరం వచ్చి పోయాడు. పట్టుమని వారం కూడా మంచం మీద లేడు. దినాలు అయిపోయిన మర్నాడు అలవాటు కొద్దీ గంజి వార్చుకుని కుండ దగ్గరికి వెళ్ళాను. మా అత్త అడ్డంగా వచ్చి నిలబడింది.

"ముట్టకే. ఇంక దాన్ని నువ్వు ముట్టకూడదు. లచ్చిందేవి."

"రోజూ నానే కదత్తా పోసీది!"

"అప్పుడు నీ మొగుడున్నాడు."

అరవలేదు, తిట్టలేదు. కొడుకు పోయిన దుఃఖం ఆవిడది, కాదనను. మరి మొగుడు పోయిన దుఃఖం నాది కాదా? నన్ను పెరటి వసారాలోకి మార్చారు. విధవ చేతి పులుపు ఇంట్లో ఉండకూడదని, పాలేరు చేత కుండని అడుగు చుక్కతో సహా పారబోయించి, పెంటకుప్ప మీద పగలగొట్టించారు. ఆ చప్పుడుకి నేను వలవలా ఏడ్చాను. శవం దగ్గర ఏడిస్తే నలుగురొచ్చి పట్టుకున్నారు. కుండ కోసం ఏడిస్తే ఎవరొస్తారు?

అయితే వాళ్ళు ఒకటి మరిచిపోయారు. దినాల్లో నన్ను మూల కూర్చోబెట్టినప్పుడు, నా తిండికని ఓ ముంతలో ఆ తరవాణే పోసి ఇచ్చారు. ఆ ముంత నా దగ్గరే ఉండిపోయింది. నాకు పెట్టే గంజిలోంచి కాస్త అందులో పోస్తూ నిలుపుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

కొత్త కుండ నా తోటికోడలికి ఇచ్చారు. నా మరిది పెళ్ళాం. మరిది విజయనగరం కాలేజీలో బి.ఎస్సీ. చదివేవాడు. ఆ పిల్ల అప్పుడే కాపరానికొచ్చింది, పాపం, చెప్పింది చేసేది. అరిష్టమంతా పోవాలని మా అత్త కుండలో మరిగే నీళ్ళు పోయించి, బయట రాయాల్సిన పసుపు లోపల కూడా దట్టంగా పట్టించింది. గంజి పచ్చగా తిరిగింది గాని పులవలేదు. జిగురు కట్టి కంపు కొట్టింది. సరే, ఇంకో కుండ తెప్పించారు. ఈసారి ఇంకాస్త పసుపు! అదీ అంతే. పొలంలో పనివాళ్ళు, "ఇదేటమ్మా, కుక్కలు కూడా ముట్టవు" అని మొహం మీదే అనేశారు. మా అత్త వసారా వైపు తిరిగి, "దీని ఏడుపే తగిలింది" అంది. నాకు వినబడేటట్టే అంది.

దసరా సెలవులకి మా మరిది వచ్చాడు. పెరట్లోకి వచ్చి, నేను తాగుతుంటే చూసి, "నాకో గుక్క ఇయ్యి వదినా" అన్నాడు. ఇచ్చాను. మొత్తం తాగేటట్టున్నాడని ముంత లాక్కోవలసి వచ్చింది.

"ఇదంతా కంటికి ఆనని పురుగుల పని వదినా," అన్నాడు. "సూక్ష్మజీవులంటారు. గంజి తిని ఆమ్లం తయారు సేత్తాయి. లాక్టిక్ ఆమ్లం. ఆ పులుపే మిగతా కుళ్ళుని రానివ్వదు. మొన్న పరీచ్చలో ఇదే రాసినాను. మా అమ్మ పాత పులుపు పారబోయించి, పైగా ఆ పురుగులు బతక్కుండా లోపల పసుపు పట్టించింది. ఇంకేటి పులుత్తాది? ముత్తయిదువ సెయ్యో, విధవ సెయ్యో, వాటికేటి తెలుత్తాది?"

నవ్వాడు. నాకు మాత్రం గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నా తప్పు లేదని ఒక్కడైనా అన్నాడు. "ఆ మాట మీ అమ్మకి సెప్పు బాబూ. నా కుండ నాకిచ్చీమను," అన్నాను. "సెప్తాన్లే," అన్నాడు.

మర్నాడు పొద్దున్న మా అత్త వసారా దగ్గరికి వచ్చింది.

"నీకాడ పాత పులుపున్నాదట. ఇలాగియ్యి. సిన్నది పోత్తాది."

అంటే వీడు సగం మాటే చెప్పాడన్నమాట. ముంత సంగతి చెప్పాడు, మిగతాది మింగేశాడు.

"ఇత్తాను. కానీ నా సేత్తో నానే పోత్తాను. అందరి ముందు, నట్టింట్లో," అన్నాను. "మొన్న పారబోయించినప్పుడు దోషమైన పులుపు ఇప్పుడు పనికొత్తాదా?"

"నువ్వు పోత్తే దోషం. సిన్నది పోత్తే నేదు."

ఏం న్యాయం! మరిది అరుగు మీదే కూర్చుని వింటున్నాడు. కేకేశాను. "నిన్న నాకు సెప్పినావు కదా, ఆ మాట ఇప్పుడు సెప్పు."

వాడు తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. "ఎందుకొచ్చిన గొడవ వదినా? అమ్మ మనసు కష్టపెట్టకు. ఇచ్చీ," అన్నాడు. పరీక్ష పేపరు మీద రాసిన మాట అమ్మ ముందు పనికిరాలేదు.

నేను ముంత ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. మా అత్త నెమ్మదిగా, "మీ అన్నకి కబురెట్టమంటావేటే?" అంది. మా అమ్మా నాన్నా పోయారు. మా వదిన నన్ను గడప తొక్కనివ్వదు. అది మా అత్తకి తెలుసు. తెలిసే అడిగింది. ముంత ఇచ్చేశాను.

తోటికోడలు దాన్ని కుండలో పోసింది. ఈసారి లోపల పసుపు వెయ్యలేదు. మొగుడు చాటుగా చెప్పి ఉంటాడు, చాటుగా చెప్పడానికి అడ్డేముంది! నాలుగు రోజులు తిరక్కుండానే కమ్మగా పులిసింది. ఊరంతా చిన్నకోడలి చెయ్యి మంచిదంది.

ఆ పొద్దున్న ఆ పిల్ల నాకు కూడా తెచ్చింది. తన చెంబు నా గిన్నెకి తగలకూడదని మా అత్త చెప్పిందట, పైనుంచి పోసింది. సగం నా కాళ్ళ మీద పడింది. తాగకూడదు, పారబొయ్యాలి అనుకున్నాను. ఆకలేసింది, తాగాను. నా పులుపే, ఏమీ మారలేదు.

మా అత్త గుమ్మంలోంచి చూస్తోంది. "సిన్నదాని సెయ్యి సల్లని సెయ్యి, కదేటే?" అంది.

"అవునత్తా," అన్నాను.