పత్తి కింద వైరు

2009 ఫిబ్రవరి 8, ఆదివారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు మా అక్క టీవీలో కనిపించింది. ఆ సమయానికి నేను టీవీ ముందు లేను. చేలో మిరపకోత. కూలీలకు అన్నం పట్టుకుని వెళ్ళాను. కొత్త డిజిటల్ కేబుల్ బాక్సు మీద నమ్మకంతోనే కదిలాను. దాని వెనక రెండు వైర్లుంటాయి. ఒక వైరు మీద మనం ఒక ఛానల్ చూస్తూ కూర్చుంటే, రెండో వైరు మీద ఇంకో ఛానల్‌ను అది దాచిపెడుతుంది. మా ఆయన పాత సినిమా చూస్తారు, అక్క బాక్సులో ఉంటుంది అనుకున్నాను.

అది వంటల కార్యక్రమం. జనవరి మొదట్లో టీవీవాళ్ళు సింగరాయకొండలో అక్క ఇంటికి వెళ్ళి, ఆమె చేత తొలికోత పండుమిరపకాయలతో కొరివికారం పచ్చడి చేయించి కెమెరాతో తీసుకున్నారు. అదే నెల మూడో వారంలో అక్కకు గొంతు ఆపరేషన్ అయింది. స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆమె మాట ఇంకెక్కడా దాచి లేదు. క్యాసెట్టు మీద గానీ, ఫోనులో గానీ ఆమె చేత నాలుగు మాటలు మాట్లాడించి పెట్టుకోవాలని మాలో ఎవరికీ తోచలేదు.

సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చి, బాక్సు దాచింది టీవీలో పెట్టాను. అక్క మొహం గళ్ళుగళ్ళుగా విడిపోయి ఉంది. నుదురొకచోట, ముక్కుపుడక ఇంకొకచోట. గొంతు ఒక్క మాట పూర్తిగా పలకకుండా తెగిపోతోంది. చివరిదాకా అంతే. అయితే ఆఖరున ఒక అక్షరాల వరస కదిలింది, అది మాత్రం చదవగలిగాను. బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు మళ్ళీ వేస్తారు. మూడోసారి వేస్తామని ఎక్కడా లేదు.

సోమవారం పొద్దున్నే కేబుల్ అతన్ని పిలిపించాను.

"చూశారా పెద్దమ్మా, బొమ్మ అద్దంలా ఉంది. సిగ్నల్‌కేం ఢోకా లేదు."

"చూసేటప్పుడు అద్దమేనయ్యా. దాచిందే పగులుతోంది."

"అయితే లోపల డిస్కు పోయినట్టే. బాక్సు గుంటూరు పంపాలి. పది రోజులు పడుద్ది."

"నాకు బుధవారానికి కావాలి."

"బుధవారానికి నేనే మళ్ళీ రాలేను, ఇంక బాక్సేం వస్తది!" అని నవ్వి, మజ్జిగ తాగి బండెక్కాడు.

ఆ పూటంతా వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరిగాను. పాలు పొంగిపోయాయి. హాల్లో తిరగడానికి చోటూ లేదు. ధర రాలేదని ఆ ఏడు పత్తి అమ్మకుండా సగం హాలు నింపి పెట్టాం. కిటికీ అంచుదాకా పోసి, మనుషుల చేత తొక్కించాం. కిటికీలోంచి వచ్చే కేబుల్ వైరు ఆ పత్తి కిందుగా పాక్కుంటూ, ఒక అతుకు దగ్గర రెండుగా చీలి టీవీ దాకా వస్తుంది.

మంగళవారం బాక్సును తిప్పి, వెనకున్న రెండు వైర్లూ విప్పి, దీన్ని దానికీ దాన్ని దీనికీ బిగించాను. ఐదు నిమిషాలకు మా ఆయన కేక.

"ఏమే! నా సినిమా గళ్ళయిపోయిందేంటి?"

ఆ ఐదు నిమిషాల్లో బాక్సు దాచిన సీరియల్ ముక్క పెట్టి చూశాను. బొమ్మ నున్నగా ఉంది.

"జబ్బు బాక్సుది కాదండీ, వైరుది. ఇప్పుడు మీ వైపుకొచ్చింది. పత్తి కాస్త పక్కకు లాగి వైరు చూద్దాం."

"తొక్కి పెట్టిన పత్తి కెలుకుతావా? గురువారం షావుకారు కాటా పట్టుకొస్తున్నాడు. బోరా సంచుల్లోకి ఎత్తేదాకా దాని జోలికి పోమాక."

"మీ సినిమా?"

"సినిమా లేకపోతే చచ్చిపోతానా? మీ అక్కది దాచుకో ముందు."

సినిమా వదులుకుని మరీ పత్తికి అడ్డం నిలబడిన మనిషిని నేను ఇంకాస్త నిలదీయాల్సింది. అక్క వైపు వైరు బాగుంది కదా అని ఊరుకున్నాను.

బుధవారం రెండున్నరకు, దాచిపెడుతున్నట్టు బాక్సు మీద ఎర్రదీపం వెలిగింది. అక్క వచ్చింది. ఆకుపచ్చ చీర, ముందు చేట నిండా పండుకాయలు. "తొడిమలు తియ్యకముందే కడగాలమ్మా, తీశాక కడిగితే కాయలోకి నీళ్ళుబోతై" అంది. దాదాపు నెల తర్వాత ఆ గొంతు వింటున్నాను. మా ఆయన కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

కాయలు రోట్లో వేశాక, ఉప్పు ఎంత పడుతుందని యాంకరమ్మాయి అడిగింది. అక్క నోరు తెరిచింది. మొహం గళ్ళయిపోయింది.

ఈసారి రెండు వైర్లకూ వచ్చిందన్నమాట. అయితే జబ్బు ఒకటి రెండుగా చీలే అతుకు దగ్గరే ఉండాలి. గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వైరు పట్టుకుని దాని వెంట చెయ్యి పత్తిలోకి పోనిచ్చాను. మోచెయ్యి, ఆ తర్వాత భుజం. లోపల పత్తి చల్లగా ఉంది. ఇంకాస్త లోపల తడి. ఆ తడిలో అతుకు దొరికింది. తడిలోంచి కాస్త పైకి లాగి, చెంగు లోపలికి దూర్చి తుడిచి, వదులైన వైరును అతుకులోకి నొక్కి పట్టుకున్నాను.

"వచ్చిందా?"

"వచ్చింది, వచ్చింది. కదలమాక!"

కదల్లేదు. చెంప పత్తికి ఆనించి, మొహం గోడ వైపు పెట్టి, కార్యక్రమం అయ్యేదాకా అలాగే ఉన్నాను. అక్క నాకు కనిపించలేదు, వినిపించింది. "మా చెల్లెలైతే దీనికి త్రాసు తెచ్చుద్దమ్మా. నాకు ఈ చెయ్యే త్రాసు" అంది. యాంకరమ్మాయి నవ్వింది. నాకు వేళ్ళు తిమ్మిరెక్కాయి.

ఎర్రదీపం ఆరాక చెయ్యి బయటికి తీసి అడిగాను.

"ఈ తడెక్కడిదండీ?"

"రాత్రి మంచు పడలా?"

"మూసిన కిటికీలోంచా?"

ఆయన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నారు. "ఊళ్ళో పత్తి మీద నీళ్ళు చల్లనోడెవడు? కాటా ముందు బరువుకని అందరూ చల్లేదే. మొన్నటి దాకా రోజుకో చెంబు. రాత్రి మాత్రం రెండు."

"అవి నేరుగా మా అక్క నోట్లో పోశారు."

ఆయన లేచారు. తనే ఇద్దరు మనుషుల్ని పిలుచుకొచ్చి పత్తంతా వాకిట్లో ఎండకు పరిపించారు. షావుకారును వారమాగి రమ్మని కబురు పెట్టారు.

ఆదివారం అక్క బస్సులో వచ్చింది. మెడకు పల్చటి గుడ్డ చుట్టుకుని ఉంది. టీవీ ముందు కూర్చోబెట్టి, దాచింది పెట్టాను. తన గొంతు వింటూ పెదాలు కదిపింది. గళ్ళు వచ్చిన చోట ఆపమని సైగ చేసింది. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, మూసిన గుప్పిట నా ముందు చాచింది. రెండు గుప్పెళ్ళని రెండు వేళ్ళు చూపించింది. నేను త్రాసు తెచ్చాను. శబ్దం లేకుండా, భుజాలు ఊగేలా నవ్వింది.

ఉప్పు తర్వాత యాంకరమ్మాయి ఇంకేదో అడిగినట్టుంది. అతుకు సరయ్యేసరికి ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. ఏం చెప్పావని అక్కను అడిగాను. గుర్తు లేదన్నట్టు చెయ్యి తిప్పేసింది.

మొత్తం ఇరవై రెండు నిమిషాల్లో పోయినవి: బొమ్మా గొంతూ మూడు నిమిషాలు. ఉప్పు కొలత, అది మళ్ళీ దొరికింది. అక్క చెప్పిన ఒక జవాబు, అది దొరకలేదు.