పొగరాయుడు నింపిన క్యాను

సంతాన చికిత్సాలయంలో అతన్ని పేరుతో పిలిచేవారు లేరు. నైట్రోజన్ కంపెనీ బండి వెనుక వాకిట్లో ఆగిందో లేదో, ల్యాబులో నేల తుడిచే ముసలమ్మ కేక వేసేది: “వచ్చాడమ్మా పొగరాయుడు! చీపుళ్ళు పక్కన పెట్టండి, ఇక మన కాళ్ళు మనకి కనపడవు.”

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, ముఖానికి అద్దపు ముసుగు దించుకుని, అతడు ద్రవ నైట్రోజన్ సిలిండరు గొట్టాన్ని ల్యాబులోని పెద్ద క్యానులోకి దింపి మర తిప్పగానే తెల్లని పొగ క్యాను అంచు దాటి పొర్లి, బల్లకాళ్ళ నడుమ పాకి, గుమ్మం చేరకముందే మాయమయ్యేది. నిండిన మేర తెలుసుకోవడానికి ఒక సన్నని బద్దను లోపలికి దించి, పైకి తీసి గాలిలో ఆడించేవాడు. బద్ద మీద మంచు ఎంతవరకు పడితే లోపల చలి అంత లోతున ఉన్నట్టు. ఆ క్యానులలో ఎవరెవరివో అండాలు, వీర్యం, పిండాలు గడ్డకట్టి ఉండేవి. ఒక్క వారం అతడు రాకపోతే వాటి గతి ఏమిటో అందరికంటే ముసలమ్మకే ఎక్కువ బెంగ.

పెళ్ళికి ముందు, ఒంట్లో నలత అంటే ఏమిటో ఎరుగని రోజులలో, అక్కడి పెద్ద డాక్టరు ఒకనాడు అతన్ని ఆపి, “పరిశోధనకి ఆరోగ్యవంతుల వీర్యం కావాలయ్యా. నువ్వూ ఇవ్వరాదూ?” అని అడిగాడు.

“భలేవారే డాక్టరుగారూ! పాలు పోసేవాణ్ణే పాలడిగినట్టుంది.”

గడ్డకట్టించే ముందు వీర్యంలో కలిపే ద్రావణం పాతది మేలా, కొత్తది మేలా, ఏళ్ళు గడిచిన పిదప దేనిలో ఎక్కువ కణాలు బ్రతికి ఉంటాయి అన్నది ఆ పరిశోధన. ఇచ్చినవాటితో ఎవరికీ బిడ్డలను కలిగించబోమనీ, ఏది ఎవరిదో ఎన్నటికీ తెలియకుండా పేర్లు తుడిచివేస్తామనీ దాతలందరికీ మాట ఇచ్చారు. “తుడిచేయండి సార్, ఆ పేరుతో నాకేం పని” అని నవ్వి సంతకం చేశాడు. పరిశోధనకని కొత్తగా తెచ్చిన క్యానును కూడా ఆ నాడే తన చేతులతో నింపి వెళ్ళాడు.

పెళ్ళయింది. భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి చట్రాలకు బిగించే పనిమంతురాలు. మాటకు మాట తడుముకోకుండా అప్పజెప్పే మనిషి. సంసారం కుదుటపడుతున్నదనుకునేసరికి అతని వృషణంలో గడ్డ బయటపడింది. వేరే ఆసుపత్రిలో కోశారు, మందులు ఎక్కించారు. ప్రాణం దక్కింది, బీజం అడుగంటింది. మందులకు ముందే కొంత దాచుకోవచ్చునని అక్కడ ఎవరూ చెప్పలేదు. ఊరందరి బీజాలకూ చలి మోసిన మనిషికైనా ఆ ఊహ తట్టి ఉండవలసింది. తట్టలేదు. ప్రాణభయం ముందు మనిషికి తన వృత్తి కూడా గుర్తుకు రాదు.

పరీక్షలలో ఆశ లేదని తేలిన సాయంత్రం, అన్నం ముందు కూర్చుని, ఎప్పుడో సరదాగా చేసిన ఆ దానం సంగతి భార్యకు చెప్పాడు. ఆమె చేతిలోని గరిటె పక్కన పెట్టింది.

“అంటే, మనవాళ్ళు అక్కడున్నారన్నమాట!”

మరునాడే ఇద్దరూ పెద్ద డాక్టరు ఎదుట కూర్చున్నారు. ఆయన చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉండిపోయాడు.

“ఆ క్యానులోనే ఉందమ్మా. కాదనను. కానీ ఏది ఈయనదో నాకు తెలీదు.”

“ఈయన రక్తం తీసుకుని పోల్చి చూడండి. తెలిసిపోదా?”

“తెలుస్తుంది. ఈయనది దొరకాలంటే మిగతావాళ్ళవి కూడా విప్పి చూడాలి. మీదేదో ఎవరికీ తెలియనివ్వనని అందరికీ మాటిచ్చాను. ఈయనకీ ఇచ్చాను.”

“ఈయనకిచ్చిన మాట మేం వాపసు తీసుకుంటున్నాం. ఈయన సరుకు ఈయనకిచ్చేయండి.”

డాక్టరు నవ్వబోయి నవ్వలేకపోయాడు. కొత్త ద్రావణంతో బిడ్డ పుడితే ఏమవుతుందో తనకే తెలియదన్నాడు. “సగం పాత ద్రావణంలోనే ఉన్నాయి కదా సార్” అని పొగరాయుడు మెల్లగా అన్నాడు. డాక్టరు కలం మూత బిగించి, పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీకి రాస్తానన్నాడు. రాశాడు కూడా. కమిటీ వీలుకాదన్నది, పరిశోధన ముగిశాక మిగిలినవి పారవేయవలసిందేనన్నది.

“దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే కాబోలు” అన్నదామె.

“ఆ పూజారిని నేనైనా బాగుండేదమ్మా. వేరే దాతది తీసుకోండి, మీకు తప్పకుండా ప్రయత్నిస్తాను.”

ఆమె భర్త వంక చూసింది. అతడు నేల వంక చూశాడు. దారిలో “మీకిష్టమేనా?” అని ఆమె, “నీకు?” అని అతడు అడిగిన మాటలు రెండూ జవాబు లేకుండానే ఇల్లు చేరాయి.

అది మొదలు, అతడు చికిత్సాలయానికి వెళ్ళివచ్చిన ప్రతి సాయంత్రమూ ఆమె చెప్పులు విడిచేలోగానే అడిగేది: “నిండుగా పోశారా?”

“అంచుదాకా పోశాను.”

“కుదపలేదు కదా?”

“కుదుపుతానా!”

ఎన్నడూ తమకు దక్కనిదానికి అతడు చలి మోస్తూనే ఉన్నాడు. క్యాను మూత తీసినప్పుడల్లా ముసుగు వెనుకనుంచి లోపలికి తొంగి చూసేవాడు. పొగ తప్ప మరేమీ కనిపించేది కాదు.

పరిశోధన ముగిసింది. కొత్త ద్రావణమే మేలని తేలింది. మిగిలినవాటిని నియమం ప్రకారం పారవేయాలనీ, క్యానును వచ్చి తీసుకుపొమ్మనీ కంపెనీకి ఫోను వచ్చింది. అతడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరాడు.

ల్యాబులో క్యానుల బాధ్యత చూసే మేడం అతన్ని చూసి తలుపు దగ్గరే నిలబడిపోయింది. “వేరేవాళ్ళని పంపమని చెప్పేదాన్ని కదా అన్నా.”

“వేరేవాడైతే క్యాను ఈడ్చుకుపోతాడమ్మా.”

ఆమె లోపలి గొట్టాలను ఒక్కొక్కటిగా పైకెత్తి, వీర్యం నింపి ఉంచిన సన్నని పుల్లలవంటి స్ట్రాలను స్టీలు పళ్ళెంలో పోసింది. మొదట అన్నీ మంచుపట్టి ఒకే తెలుపు. చూస్తుండగానే తెలుపు కరిగి పాత ద్రావణపు పసుపువి, కొత్త ద్రావణపు నీలివి వేరుపడ్డాయి. వాటి ఒళ్ళంతా చెమట పట్టినట్టు నీటిబొట్లు లేచాయి. పక్కనే నిండు సిలిండరు ఉంది. మర తిప్పడం అతనికి వచ్చిన విద్య. అతని చేయి మరమీదికి వెళ్ళి, అక్కడే కాసేపు ఆగి, తిరిగి వచ్చింది.

“అయిపోయినట్టేనా అమ్మా?”

“అయిపోయిందన్నా.”

మిగిలిన ద్రవాన్ని వెనుక వాకిట్లో ఒంపుతుంటే ముసలమ్మ చీపురుతో వచ్చింది. “ఏమయ్యోయ్ రాయుడూ! ఇన్నాళ్ళూ పోసేవాడివి, ఇవాళ పారబోస్తున్నావేం?”

“ఇక అక్కర్లేదట పెద్దమ్మా.”

సాయంత్రం భార్య అడగనే అడిగింది. “నిండుగా పోశారా?”

అతడు చెప్పులు విడిచి, వాటిని గోడవారగా సర్ది, మళ్ళీ సర్దాడు. ఆమె అతని చేతుల వంక చూసింది.

“ఎంతసేపు పట్టింది?”

“నువ్వు టీ కాచేంతసేపు కూడా పట్టలేదు.”

ఆమె వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద గిన్నె పెట్టింది. పొయ్యి మాత్రం వెలిగించలేదు.