అరవై గ్రాములు

ఏది తూచే ముందైనా డోర్కాస్ సున్నా చూస్తుంది. కూరగాయల బండి దగ్గర ఖాళీ త్రాసును వేలితో తాకి ఆగుతుంది. బండివాడు విసుక్కుంటాడు. ముల్లు కుదురుకున్నాకే సంచి చాపుతుంది.

భిలాయి ఉక్కు కర్మాగారంలో లారీల కాటా దగ్గర ఆమెది పంతొమ్మిదేళ్ల ఉద్యోగం. తండ్రి విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే పనిచేశాడు. ఆమె సెక్టర్ 4 క్వార్టర్లో ఉంటుంది. సాయంత్రాలు కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. వేర్వేరు ఊళ్లలోని ఆరుగురు కలిసి, కాటాల కోసం ఒక ప్రోగ్రాం రాస్తున్నారు. ఆమె ఏడో మనిషి. దానికి యజమాని లేడు. ఎవరైనా తీసుకోవచ్చు, చదవచ్చు, మార్చవచ్చు. తప్పు కనబడితే ఇంటర్నెట్లో అందరూ చూసే పట్టికలో రాయాలి. ఉన్న నియమం అదొక్కటే.

మూడేళ్లయినా వాడేవాళ్లు దొరకలేదు. ఇక్కడ కొత్త రాష్ట్రం ఏర్పడి నాలుగో ఏడు. భిలాయిలో పరిశ్రమల మేళా పెట్టారు. అక్కడ ఒక్కరైనా వాడతామని సంతకం చేయకపోతే పని ఆపేద్దామని ఏడుగురూ ఒప్పుకున్నారు. డోర్కాస్ సెలవు పెట్టి స్టాల్లో నిలబడింది. తోడు ప్రణవ్, ఆ ఏడుగురిలో ఒకడు, ఇక్కడే పుట్టిన ఇంజనీరు.

రెండు రోజులు జనం వచ్చారు. ప్రోగ్రాం సీడీలు ఊరికే ఇస్తున్నామంటే, ఇందులో ఏ సినిమా ఉందని అడిగారు. కాగితం మీద సంతకాల గీతలు ఖాళీగానే ఉన్నాయి.

మూడో రోజు, మూసే ముందు, నరసింగరావు వచ్చాడు. దగ్గర్లోని కుమ్హారిలో పాత ఇనుము వ్యాపారం, సొంత కాటా ఉన్నవాడు.

"ఏటమ్మా, ఊరికే ఇత్తన్నారంట. మరి మీకేటి లాభం?"

"ఏటీ లేదండి. మీరు వాడితే చాలు."

అతను నవ్వాడు. ప్రోగ్రాం చూపించడానికి కంప్యూటర్‌కు తగిలించిన చిన్న త్రాసు బల్ల మీద ఉంది, దానిలో ఎవరిదో పుస్తకాల కట్ట. దాన్ని తీసి తన చేతిసంచి పెట్టాడు. తెర మీద అంకె నిలిచింది. చీటీ బయటికొచ్చింది. రెండు కిలోల నాలుగు వందల అరవై గ్రాములు.

"బాగుంది. కాగితం ఇలాగియ్యి."

ప్రణవ్ పెన్ను అందించాడు.

డోర్కాస్ తెర వైపే చూస్తోంది. కట్ట తీశాక, సంచి పెట్టేముందు పళ్లెం ఖాళీ అయింది. అంకె మాత్రం సున్నాకు రాలేదు.

"ఆగండి. ఇది తప్పు."

సంచి తీసింది. ఖాళీ పళ్లెం. తెర మీద అరవై గ్రాములు.

"దీదీ, ఛోడ్ దో, వదిలెయ్," ప్రణవ్ గొంతు తగ్గించాడు. "ముందు సంతకం అవనీ. బాద్ మే చూసుకుందాం."

నరసింగరావు వంగి చూశాడు. "నా కాటా మీదైతే ఇది ఎంతవుద్ది?"

"గ్రాముకు కిలో లెక్కన అరవై కిలోలు. లారీకి."

"ఎక్కువే గదా సూపిత్తంది?"

"ఎక్కువే."

"నాను అమ్మేవోణ్ణమ్మా!" అతను గట్టిగా నవ్వాడు. "అలాగే ఒగ్గెయ్యి. ఎవుడైనా అడిగితే మెషినే సెప్పిందంటాను. ఇంద, సంతకం పెట్టెత్తాను."

పెన్ను కాగితానికి తగిలింది.

"సీడీ పట్టుకెళ్లండి," అంది డోర్కాస్. "వద్దనే హక్కు నాకు లేదు. కానీ ఈ తప్పు పట్టికలో రాస్తాను. మీ దగ్గర కొనేవాళ్లు కూడా చదువుతారు."

"రాయకపోతే ఏటవుద్ది?"

"రాస్తానండి."

పక్క స్టాల్లో మైకు ఆగింది. ప్రణవ్ కళ్లు పెన్ను మీదే ఉన్నాయి.

"ఫిరీగా ఇచ్చేదానికి ఇంత బిగువా!" నరసింగరావు పెన్ను బల్ల మీద పెట్టాడు. సంచి తీసుకుని వెళ్లిపోయాడు. సీడీ తీసుకోలేదు.

మరి ఎవరూ రాలేదు. ప్రణవ్ బల్ల మడతపెట్టాడు. గేటు దగ్గర, "మూడేళ్లు, దీదీ," అన్నాడు. ఆమె తలూపింది.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి డోర్కాస్ టెలిఫోన్ తీగను కంప్యూటర్‌కు తగిలించింది. ముందు పట్టికలో తప్పు రాసింది. ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో, ఎలా చేస్తే మళ్లీ కనబడుతుందో. తర్వాత మిగతా ఆరుగురికీ ఉత్తరం పంపింది. అందులో ఒకటే వాక్యం. మేళాలో ఎవరూ సంతకం చేయలేదు.

తీగ తీసేసి, ఆరు గంటల షిఫ్టుకు బయలుదేరింది.